కింది పొర సంగతేమిటి?

మా పామర్రు వైపు 'సాల్వెంట్' అంటే ఎవరికైనా తవుడు నూనె గుర్తుకొస్తుంది. ధాన్యం ఆడించగా వచ్చిన తవుడులోకి హెక్సేన్ పంపి, నూనెను అందులోకి లాగి, ఆ హెక్సేన్‌ను ఆవిరిచేసి మళ్ళీ పట్టుకునే మిల్లు అది. రైసుమిల్లులున్న డెల్టాలో ఈ ఇంగ్లీషు మాట తెలుగు మాటై కూర్చుంది. కాని ఇదే మాటకు మరో అర్థముంది. ఆమ్లంలో కరిగి ఉన్న లోహాన్ని, ఆ నీటితో కలవని ఇంకొక ద్రవంలోకి రప్పించి వేరుచేయడం. మన పాఠ్యపుస్తకాలు దీన్ని 'ద్రావణి నిష్కర్షణ' అంటాయి. బి.ఎస్సీ.లో ఒక పూట, ఎం.ఎస్సీ.లో మరో రెండు పూటలు సెపరేటింగ్ ఫన్నెల్ ఊపి, రికార్డు మీద సంతకం పెట్టించుకుని, పరీక్ష అయ్యాక మరచిపోయే పాఠమది.

నేను మరచిపోలేదు. మరచిపోతే నాకు జీతం రాదు! ఎం.ఎస్సీ. అయినప్పటినుంచి పాతికేళ్ళకు పైగా ఈ వేర్పాటు పని మీదే బ్రతికిన మనిషిని. కాలేజీ రోజుల ముచ్చట్లు నాకంటె బాగా రాయగలవాళ్ళు చాలామంది ఉన్నారు గనుక, సావనీరులో నాకిచ్చిన ఈ నాలుగు పేజీల్లో నాకు తెలిసిన ఒక్క విషయం మీద నా అభిప్రాయం చెప్పుకుంటాను.

అభిప్రాయం ఇదీ. ఈ విద్యను మనం సగమే నేర్పుతున్నాం. ఎంత లోహం బయటికి వచ్చిందో లెక్కకట్టడం నేర్పుతున్నాం. ఎంత మిగిలిపోయింది, ఆ మిగిలింది ఎటు పోయింది అని అడగడం మాత్రం నేర్పడం లేదు. ఈ రెండో సగం రాని కెమిస్టు దేశానికి లోహం సంపాదించి పెడతాడేమోగాని, ఊరికి మంచినీళ్ళు మిగల్చడు.

కెమిస్ట్రీ చదవని మిత్రుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. నూనె, నీళ్ళు కలవవు గదా. ఒక గరాటులో రెండూ పోసి ఊపి నిలబెడితే రెండు పొరలుగా విడిపోతాయి. నీటిలో కరిగిన పదార్థానికి పై ద్రవంతో పొత్తు ఎక్కువైతే అది అందులోకి చేరుతుంది. మామూలుగా లోహ అయానులు నీటిని వదిలిరావు. ఆమ్లంలోని నైట్రేటో క్లోరైడో వాటితో జతకట్టినప్పుడు, లేక మనం పోసిన కారకం వాటిని పట్టుకున్నప్పుడు, అవి నీటిని విడిచి వస్తాయి. ఉదాహరణకు ఇనుము, అల్యూమినియం రెండూ కరిగి ఉన్న 6 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఈథరుతో ఊపండి. ఫెర్రిక్ స్థితిలో ఉన్న ఇనుము దాదాపు అంతా పసుపుపచ్చగా ఈథరులోకి ఎక్కుతుంది, అల్యూమినియం కిందనే ఉండిపోతుంది. ఆ ఈథరు పొరను తీసి మంచినీళ్ళతో ఊపితే ఇనుము మళ్ళీ నీళ్ళలోకి దిగివస్తుంది. ఆమ్లం బలమే ఇక్కడ తాళంచెవి. బలంగా ఉంటే తలుపు తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది.

లోహాలకూ అలోహాలకూ మధ్య ఉండే అర్ధలోహాలదీ ఇదే కథ. జెర్మేనియాన్ని 9 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉంచి కార్బన్ టెట్రాక్లోరైడుతో ఊపితే, టెట్రాక్లోరైడుగా మారి అందులోకి వెళుతుంది. (ఆ ద్రావణి విషపదార్థం, ఓజోన్‌కు కూడా చేటు. ఈనాడు మన ప్రాక్టికల్సులో వాడదగినది కాదు.) జెర్మేనియం వెంట ఆర్సెనిక్ కూడా వస్తుంది. కాని ముందే ఆర్సెనిక్‌ను ఆక్సీకరణం చేసి అయిదు సంయోజకత స్థితికి తెస్తే, అది బుద్ధిగా ఆమ్లంలోనే ఉండిపోతుంది. ఎంత చక్కని ఉపాయమో చూడండి! ఇక్కడే నా ప్రశ్న కూడా మొదలవుతుంది. జెర్మేనియం శుద్ధి అయింది, సంతోషం. ఆర్సెనిక్ ఉన్న ఆ ఆమ్లం ఏమైంది? తాగేనీటిలో ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని మన భారత ప్రమాణం. వేరుచేసిన చోట వేలరెట్లు గాఢంగా ఉన్నదాన్ని 'మిగిలింది' అని ఒక్క మాటలో తోసిపుచ్చితే సరిపోతుందా?

ఇక ఒక చిన్న లెక్క. దీనికి నెర్న్‌స్ట్ 1891లో చెప్పిన వితరణ నియమం ఒక్కటి చాలు. 100 మిల్లీలీటర్ల ఆమ్లనీటిలో లోహం ఉందనుకోండి. వితరణ గుణకం 3 అనుకోండి, అంటే సమాన పరిమాణాల్లో కలిపితే ద్రావణిలోకి మూడు పాళ్ళు, నీటిలో ఒక పాలు. 100 మి.లీ. ద్రావణిని ఒకేసారి పోసి ఊపితే నీటిలో నూటికి 25 వంతుల లోహం మిగిలిపోతుంది. అదే ద్రావణిని 50 చొప్పున రెండుసార్లు పోస్తే మిగిలేది 16. పాతిక చొప్పున నాలుగుసార్లు పోస్తే సుమారు 10.7. ఇంతవరకు అందరికీ తెలిసిందే, పరీక్షలో వస్తుంది గనుక!

కార్ఖానాల్లో చేసేది ఇంకొకటి ఉంది. దానికి మన కాలువలే పోలిక. బెజవాడ దగ్గర ప్రకాశం బ్యారేజి నుంచి వదిలిన నీరు పై ఊళ్ళను తడుపుకుంటూ కిందికి వస్తుంది. కంకిపాడు, ఉయ్యూరు దాటి మా పామర్రుకు వస్తుంది. ఇంకా కిందికి బందరు, కోడూరు, కృత్తివెన్ను వైపు శివారు భూములకు మిగిలిందే దక్కుతుంది. ఎద్దడి ఏడాదిలో ఆ మిగిలేది ఏపాటిదో శివారు రైతునడిగితే చెబుతాడు. అలాకాక, తాజా నీటిని మొట్టమొదట శివారుకే ఇచ్చి, అక్కడినుంచి ఒక్కో ఊరూ దాటించుకుంటూ పైకి తెచ్చే ఏర్పాటు ఉందనుకోండి. నేలమీద అది కుదరదుగాని, కార్ఖానాలో కుదురుతుంది. లోహమున్న ఆమ్లం ఒక చివర ప్రవేశిస్తుంది. తాజా ద్రావణి రెండో చివర ప్రవేశించి ఎదురు నడుస్తుంది. అంటే లోహం అన్నిటికంటె తక్కువగా మిగిలిన నీటికి, ఖాళీగా ఆకలిమీద ఉన్న ద్రావణి ముందుగా తగులుతుంది. పై లెక్కలోని 100 మి.లీ. ద్రావణినే ఇలా రెండు దశల్లో ఎదురెదురుగా నడిపితే మిగిలేది 16 కాదు, 7.7. నాలుగు దశలైతే 10.7 కాదు, 0.83! ద్రావణి ఒక్క చుక్క కూడా పెరగలేదు. పెరిగిందల్లా శివారును ముందు చూడాలన్న ఆలోచన.

ఈ ఆలోచన ఎంత పెద్ద పని చేసిందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. హైదరాబాదులో 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు ఉంది. జార్ఖండ్‌లోని జాదూగూడ వంటి చోట్ల తవ్విన యురేనియం పచ్చని ముద్దగా అక్కడికి చేరుతుంది. దాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, కిరోసిన్ వంటి ద్రవంలో కలిపిన ట్రైబ్యుటైల్ ఫాస్ఫేటుతో ఊపుతారు. యురేనియం అందులోకి వెళుతుంది, మలినాలు ఆమ్లంలో ఆగిపోతాయి. మళ్ళీ శుద్ధజలంతో యురేనియాన్ని దింపుకుని, అమ్మోనియాతో అవక్షేపించి, చివరికి రియాక్టరులో పెట్టే గుళికలుగా చేస్తారు. యురేనియం నైట్రేటు ఈథరులోకి వెళుతుందని పెలిగో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1842లోనే గమనించాడు. నూరేళ్ళపాటు ప్రయోగశాలలోనే ఉన్న ఆ సంగతిని రెండో ప్రపంచయుద్ధం కార్ఖానాకు ఎక్కించింది.

ఆ గుళికలను నింపే గొట్టాల కథ ఇంకా విడ్డూరం. వాటిని జిర్కోనియంతో చేస్తారు, న్యూట్రాన్లను అతితక్కువగా మింగే లోహం గనుక. కాని మన సముద్రతీరపు ఇసుకలో దొరికే జిర్కాన్ ఖనిజంలో జిర్కోనియంతోపాటు నూటికి రెండు వంతులకు అటూఇటూగా హాఫ్నియం ఉంటుంది. రెండూ కవలపిల్లలు. హాఫ్నియం అనే మూలకం ఒకటుందని 1923 దాకా ఎవరూ కనిపెట్టలేకపోయారంటే, అది జిర్కోనియం చాటున ఎంత బాగా దాక్కుందో ఊహించుకోండి. రసాయన గుణాలు దాదాపు ఒకటే, కాని ఒక పెద్ద తేడా ఉంది. హాఫ్నియం న్యూట్రాన్లను జిర్కోనియం కంటె సుమారు ఆరువందల రెట్లు ఎక్కువగా మింగుతుంది. అది గొట్టంలో ఉంటే రియాక్టరుకు దండగ. కాబట్టి పదిలక్షల్లో వంద భాగాలకు మించకుండా తీసివేయాలి. ఇక్కడా నైట్రిక్ ఆమ్లమే, ట్రైబ్యుటైల్ ఫాస్ఫేటే. జిర్కోనియం ద్రావణిలోకి ఎక్కుతుంది, హాఫ్నియం కింది పొరలో మిగులుతుంది.

ఈ కింది పొరలో మిగిలినది చెత్తా? కాదు. న్యూట్రాన్లను అంతగా మింగుతుంది గనుకనే హాఫ్నియాన్ని రియాక్టరు నియంత్రణ కడ్డీలకు వాడతారు. హాఫ్నియం కలిపిన నియోబియం మిశ్రలోహాన్ని రాకెట్ల నాజిళ్ళకు వాడతారు. ఒకరికి మలినమైనది మరొకరికి ముడిసరుకు. కిందికి చూసినవాడికే అది దొరికింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా షిఫ్టు ఇన్‌చార్జి ఒకాయన ఉండేవాడు. పెద్ద చదువులు చదివినవాడు కాదు. పై పొర నమూనా తీసుకెళ్ళి "సార్, తొంభైతొమ్మిది వచ్చింది" అని గొప్పగా చెప్తే, "అది సరేనయ్యా, కింది పొర ఏదీ?" అనేవాడు. ఎవరెళ్ళినా అదే ప్రశ్న. ఆరేళ్ళ కాలేజీ చదువులో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఇది మా లెక్చరర్ల మీద ఫిర్యాదు కాదు, వాళ్ళకిచ్చిన సిలబస్సు అటువంటిది. సిలబస్సులో 'లోహ దిగుబడి' అన్న గడి ఉంది, 'మిగిలినది' అన్న గడి లేదు.

ఆ గడి లేకపోతే ఏమవుతుందో తెలుగునేల మీద ఒకచోట చూశాం. హైదరాబాదు పక్కన పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో పరిశ్రమలు వచ్చాయి, మందులు తయారయ్యాయి, ఉద్యోగాలు వచ్చాయి. పరిశ్రమల మురుగునీరు నక్కవాగులో చేరింది. చెరువులు, బావులు, పొలాలు పాడైపోయి, 1990లో ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అక్కడ జరిగింది లోహాల నిష్కర్షణ ఒక్కటే కాదు, నిజమే. కాని జబ్బు అదే: కావలసింది తీసుకున్నాం, మిగిలింది కిందికి వదిలాం. యురేనియం వంటి గొప్ప పనిలో కూడా అమ్మోనియాతో అవక్షేపించి వడగట్టిన నీటిలో నైట్రేటు ఉంటుంది. తాగేనీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటితే పసిపిల్లలకు ప్రమాదం. ఎంత గొప్ప పనికైనా కింది పొర ఉంటుందన్నమాట.

ఇప్పుడు మన డెల్టాకు వస్తాను. "మన జిల్లాలో గనులా పాడా, వరిపొలాల మధ్య ఈ లోహాల గోల ఎందుకు?" అని కొందరు మిత్రులు అడుగుతారు. గనులు లేకపోవచ్చు, ఆమ్లంలో కరిగిన లోహం మాత్రం లేకపోలేదు. బందరులో చిలకలపూడి రోల్డుగోల్డు నగలు తెలియని తెలుగు ఇల్లుందా? రాగి, ఇత్తడి మీద బంగారుపూత వేసే ఆ పనివాళ్ళ నైపుణ్యం మన జిల్లాకు పేరు తెచ్చింది. ఎక్కడ పూతపని జరిగినా లోహాన్ని ఆమ్లంతో శుభ్రం చేయాలి, కడగాలి. ఆ కడుగునీటిలో రాగి, ఒక్కోచోట నికెల్ ఉంటాయి. బెజవాడ ఆటోనగర్‌లో పాత బ్యాటరీలుంటాయి. ఊరూరా సెల్‌ఫోన్ రిపేరు కొట్లలో పాత సర్క్యూటు బోర్డులుంటాయి. వాటిలో రాగి, తగరం, వెండి, బంగారం, పల్లాడియం ఉంటాయి. ఇవి గనులు కాకపోతే మరేమిటి? నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. కొలవకుండా తప్పుపట్టడం కెమిస్టు లక్షణం కాదు. కొలిచే పని మనది, మనం చేయడం లేదు అంటున్నాను.

రాగి సంగతే తీసుకోండి. గంధకికామ్లంలో, అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, పలచగా ఉన్న రాగిని పట్టే ఆక్సైమ్ కారకాలు వచ్చాయి. వాటితో మొదటి పెద్ద కార్ఖానా 1968లో అమెరికాలోని అరిజోనాలో మొదలైంది. ఒక్కో రాగి అయాను ద్రావణిలోకి వెళ్ళినప్పుడు రెండు హైడ్రోజన్ అయానులు నీటికి తిరిగి వస్తాయి. కనుక ఆమ్లం తరిగిపోదు, మళ్ళీ వాడుకోవచ్చు. ద్రావణిలోని రాగిని గాఢమైన ఆమ్లంతో దింపి, విద్యుత్తుతో శుద్ధమైన రేకుగా పట్టుకుంటారు. ఖాళీ అయిన ద్రావణి మళ్ళీ మొదటికి వస్తుంది. మూడు చక్రాలు ఒకదాన్నొకటి తిప్పుతున్నట్లుంటుంది. పాత బోర్డుల నుంచి లోహాలు రాబట్టే పరిశోధన హైదరాబాదులోని సీ-మెట్ సంస్థలో జరుగుతోంది. జెర్మేనియం, టెల్లూరియం వంటివాటిని అతిశుద్ధంగా తయారుచేసే పని కూడా అక్కడ ఉంది.

దేశం సంగతి చూసినా అంతే. మోనజైటు ఇసుక నిల్వలు దేశంలోకెల్లా మన ఆంధ్రప్రదేశ్ తీరంలోనే ఎక్కువ. అందులోని విరళ మృత్తికా లోహాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. పక్కపక్కన ఉన్న రెంటిని విడదీయాలంటే వందలకొద్దీ దశల్లో ద్రావణిని ఎదురు నడపాలి. విశాఖపట్నంలో సమారియం-కోబాల్టు అయస్కాంతాల కార్ఖానాను 2023 మేలో జాతికి అంకితం చేశారు, ఏడాదికి 3,000 కిలోల సామర్థ్యంతో. 2025 ఏప్రిల్‌లో చైనా సమారియంతో సహా ఏడు విరళ లోహాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టినప్పుడు ప్రపంచమంతా కలవరపడింది. చైనా బలం ఖనిజం ఒక్కటే కాదు, వేరుచేసే విద్య. ఇసుక మనకూ ఉంది, ఆ విద్యను మనవాళ్ళు ఇంకా ఎక్కువమంది నేర్వాలి. "కెమిస్ట్రీ తీసుకుంటే ఏమొస్తుంది?" అని అడిగే తల్లిదండ్రులకు ఇది నా జవాబు. అయితే ఆ విద్యను మొదటి సగంతోనే నేర్చుకుంటే, రేపు మన తీరంలోనే మరో నక్కవాగు తయారవుతుంది. మోనజైటులో థోరియం కూడా ఉంది, దాని కింది పొర మామూలు కింది పొర కాదు.

"ముందు పరిశ్రమలు రానీయండి, శుభ్రం తర్వాత చూసుకుందాం" అనేవాళ్ళున్నారు. నాలుగు దశల లెక్క మరోసారి చూడమని వాళ్ళకు మనవి. మిగిలేదాన్ని తగ్గించే ఏర్పాటు మొదటే కట్టాలి. ద్రావణి ఖర్చు పెరగకుండానే 10.7ను 0.83కు దించగలిగినప్పుడు, దించకపోవడం పేదరికం కాదు, అశ్రద్ధ.

విమర్శించి ఊరుకోవడం తేలిక గనుక, చేయదగిన పనులు మూడు చెబుతాను.

మొదటిది లెక్చరర్లకు. ఈ ప్రాక్టికల్‌లో ఒక గడి పెంచండి. ద్రావణిలోకి ఎంత వచ్చింది, నీటిలో ఎంత మిగిలింది, రెండూ విడివిడిగా కొలిపించండి. రెండూ కలిపి మొదట పోసిన దానికి సరిపోకపోతే సంతకం పెట్టకండి. వాడిన ద్రావణి ఏ సీసాలో పోశారో కూడా రాయించండి. ఇందుకు సెనేటు తీర్మానం అక్కరలేదు, ఒక స్కేలూ పెన్సిలూ చాలు.

రెండోది విద్యార్థులకు. ఊరి కాలువల కంటె ముందు మన లేబొరేటరీ సింకు చూడండి. బ్యూరెట్‌లో మిగిలిన డైక్రోమేటు, రాగి లవణాలు, వెండి అవక్షేపం ఎటు పోతున్నాయి? వీటన్నిటికీ ద్రావణి నిష్కర్షణే మందు అనను. డైక్రోమేటును ఫెర్రస్ సల్ఫేటుతో క్షయకరణం చేసి, సున్నంతో దింపితే చాలు. వెండిని వేరే జాడీలో పోగుచేస్తే ఏడాది చివర మళ్ళీ సిల్వర్ నైట్రేటు చేసుకోవచ్చు. సింకు పక్కన మూడు జాడీలు, మూడు చీటీలు. అంతే పెట్టుబడి.

మూడోది యూనియన్‌కూ పూర్వ విద్యార్థులకూ. మన విరాళాలు ఇంతవరకు ఆర్చీలకూ, శిలాఫలకాలకూ, ఈ సావనీరు ఆర్టు పేపరుకూ బాగానే సరిపోయాయి. ఒక్క ఏడాది ఆ డబ్బు నీటి పరీక్షలకు పెట్టండి. వేసవిలో పదిమంది విద్యార్థులు బెజవాడ నుంచి బందరు దాకా మురుగుకాల్వల నీరు పట్టి, రాగి, నికెల్, ఆర్సెనిక్, నైట్రేటు కొలవాలి. ఫలితం బాగుంటే అదే రాద్దాం, అందరం సంతోషిద్దాం. బాగాలేకపోతే ఆ పూతపని చేసేవాళ్ళ దగ్గరికే వెళ్ళి, వాళ్ళ రాగిని వాళ్ళకే తిరిగి రాబట్టే దారి చెబుదాం. చిన్న కొట్టు పెట్టుకున్నవాడు పారబోస్తున్నది తన సొమ్మేనని తెలిస్తే వినకపోడు. నోటీసుతో పోయినవాడి మాట కంటె లెక్కతో పోయినవాడి మాట ఎక్కువ చెల్లుతుంది.

పామర్రు వాళ్ళం కాలువ మీద మధ్యన ఉన్నవాళ్ళం. పైవాళ్ళు వదిలింది మాకు వస్తుంది, మేము వదిలింది కిందివాళ్ళకు పోతుంది. డెల్టాలో పుట్టిన ప్రతివాడి స్థితీ ఇంచుమించు ఇదే. ఇక్కడ చదివిన కెమిస్టుకు కింది పొర సంగతి వేరే ఊరివాడెవడో వచ్చి చెప్పవలసిన అవసరం ఉండకూడదు. వచ్చే ఏడాది సావనీరులో కవితలతోపాటు, ఫోటోలతోపాటు, ఆ నీటి పరీక్షల పట్టిక ఒక్క పేజీ చూడాలని నా కోరిక. పట్టికలో మొదటి నమూనా బ్యారేజి దగ్గరది కాకుండా శివారుది కావాలి.